రీఫ్ ట్యాంకులో బ్రిసిల్ వార్ములు: చంపే ముందు తెలుసుకోవాల్సిన చిట్కాలు

ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టి పగడాలు పెంచేవాళ్లందరికీ ఏదో ఒక రాత్రి ఈ పురుగు ఎదురవుతుంది. లైట్లు ఆర్పేశాక టార్చి వేసి చూస్తే, రాతి సందులోంచి గులాబీ రంగు ఒళ్లు, రెండు పక్కలా తెల్లటి నూగుతో గొంగళి పురుగులా పాకుతూ వస్తుంది. వెలుతురు తగలగానే చటుక్కున లోపలికి జారుకుంటుంది. మొదటిసారి చూసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. తెల్లారగానే అక్వేరియం దుకాణానికి ఫోన్ చేసి మందు అడుగుతారు. ఆ ఫోన్ చేయకముందే ఇది చదవమని నా మనవి. పురుగును చంపబోయి ట్యాంకునే చంపుకున్నవాళ్లను చూశాను. ఆ నష్టం మీకు రాకూడదు.

1. ఇది రోగం కాదు, పారిశుద్ధ్య సిబ్బంది. వానపాము, జలగ పుట్టిన వంశంలోదే బ్రిసిల్ వార్మ్ కూడా. సముద్రంలో ఈ తరగతి పురుగులు పదివేల జాతులకు పైగా ఉన్నాయి. లైవ్ రాక్‌తోనో, ఇసుకతోనో, పగడం ముక్క అతికించి ఉన్న చిన్న రాతితోనో మన ఇంటికి వస్తాయి. చేపలు వదిలేసిన మేత, చేపల మలం, చచ్చిన నత్త, ఊడిపడిన పాచి, ఇవే వాటి తిండి. నత్తలు, పీతలు దూరలేని సందుల్లోకి ఇవి దూరి శుభ్రం చేస్తాయి. ఇసుకను కింద నుంచి కదిలిస్తూ గట్టిపడకుండా చూస్తాయి. విదేశాల్లో వీటిని డబ్బు పెట్టి కొని ట్యాంకులో వేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. పనామా తీరంలో శాస్త్రజ్ఞులు ఒక విషయం గమనించారు. పగడాలను తినేసే ముళ్ల నక్షత్ర చేపకు గాయమైతే ఫెరకార్డియా స్ట్రయాటా అనే బ్రిసిల్ వార్మ్ ఆ గాయంలోంచి దూరి దాన్ని లోపలి నుంచి తినేస్తుంది. అంటే పగడానికి శత్రువు అని మనం అనుకునే పురుగు అక్కడ పగడానికి కాపలా కాస్తోంది. అందుకే రాత్రిపూట నాలుగైదు పురుగులు కనిపిస్తే మీరు చేయాల్సింది ఏమీ లేదు. లైటు ఆర్పి పడుకోండి.

2. ఏ పురుగో పోల్చుకోండి. మొత్తం వ్యవహారంలో ఓపికగా చేయాల్సిన పని ఇదే. ట్యాంకుల్లో మామూలుగా కనిపించే పురుగు గులాబీ, గోధుమ, బూడిద రంగులు కలిసినట్టు ఉంటుంది. తల నుంచి తోక దాకా ఒకే లావు, రెండు పక్కలా పొట్టి తెల్లటి నూగు. పెద్దదైతే జానెడు ఉండొచ్చు. వీటిలో ఎక్కువగా వినిపించే పేరు యూరిథోయి కాంప్లనాటా. ఇది పగడాల జోలికి పోదు.

భయపడాల్సింది ఫైర్‌వార్మ్‌కు. దాని శాస్త్రీయ నామం హెర్మోడిసె కారంకులాటా. ఒళ్లు లావుగా, పక్కల కుచ్చులు కుచ్చులుగా తెల్లటి ముళ్లు, ఆ కుచ్చుల మొదట్లో ఎర్రటి ఈకల్లాంటి మొప్పలు, తల మీద మడతలు పడిన కండ ఉంటాయి. సాధారణంగా 15 సెంటీమీటర్లు ఉంటుంది, కొన్ని 30 కూడా దాటతాయి. పగడపు కొమ్మ కొసను నోట్లోకి తీసుకుని మాంసం పీల్చేసి తెల్లటి ఎముక మిగులుస్తుంది. సీ ఫ్యాన్లను, అనిమోన్లను, జోయాంథిడ్లను కూడా తింటుంది. ఇది అట్లాంటిక్, కరీబియన్, మధ్యధరా సముద్రాల పురుగు. అమెరికాలో ఉండి ఫ్లోరిడా లైవ్ రాక్ తెప్పించుకునే మనవాళ్లు దీని గురించి ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మన వైపు దొరికే రాళ్లలో ఇది వచ్చే అవకాశం తక్కువ.

రూపం చూసి తేల్చలేకపోతే నడవడి చూడండి. మంచి పురుగు పగలు దాక్కుని రాత్రి నేల మీద, రాళ్ల అడుగున తిరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పగడం మీదికెక్కి, ఒకే చోట గంటల తరబడి అతుక్కుని, మర్నాడు కూడా అక్కడే కనిపించిందంటే దాన్ని అనుమానించండి. ఫోను కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి, అనుభవం ఉన్నవాళ్లకు చూపించి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

3. నూగు లేని పొడవాటి పురుగులను వదలొద్దు. రెండు రకాలు అసలైన దొంగలు. ఒకటి యూనిసిడ్ కుటుంబం. ఒంటి మీద ఇంద్రధనుస్సు మెరుపు, తల మీద ఐదు మీసాలు, గట్టి దవడలు. బాబిట్ వార్మ్ అని పేరుపడ్డది ఈ కుటుంబంలోదే. 2009లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతంలో న్యూకీ అనే ఊరి బ్లూ రీఫ్ అక్వేరియంలో పగడాలు తెగిపోతూ, చేపలు గాయపడుతూ ఉంటే కారణం ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి రాళ్లన్నీ ఒక్కొక్కటే విప్పి చూస్తే దాదాపు 4 అడుగుల పురుగు బయటపడింది. ఎప్పుడో పిల్లగా రాతిలో వచ్చి అక్కడే పెరిగింది. అదే ఏడాది జపాన్‌లోని షిరహామా దగ్గర చేపల రేవులో ఒక తెప్ప లోపల ఇదే జాతి పురుగు దొరికింది. కొలిస్తే 299 సెంటీమీటర్లు. రాతిలో ఉన్నది ఎంత పెరగగలదో ఊహించుకోవడానికి ఈ రెండు సంఘటనలు చాలు.

రెండో దొంగ ఓనోన్ ఫుల్గిడా. నారింజ రంగులో సన్నగా, నున్నగా దారంలా ఉంటుంది. నత్తలను, క్లామ్‌లను జిగురుతో చుట్టి తింటుంది. మీ ట్యాంకులో నత్తలు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ గుల్లలవుతుంటే, నీళ్ల పరీక్షలో తప్పేమీ కనిపించకపోతే, రాత్రి దీని కోసం వెతకండి. ఈ రెండింటిలో ఏది ఉన్నా, అది ఉన్న రాయిని ట్యాంకులోంచి తీసేయడమే తక్కువ కష్టంతో అయ్యే పని.

4. పురుగులన్నీ శత్రువులు కావు. రాతి రంధ్రంలోంచి తెల్లటి దారాలు చాచి ఇసుక మీద తడుముకునేది స్పగెట్టీ వార్మ్. గొట్టంలోంచి విసనకర్రలా విచ్చుకునేది ఫెదర్ డస్టర్. ఇవి రెండూ ఎవరికీ హాని చేయవు, ట్యాంకుకు అందం కూడా. వీటిని పీకేయకండి.

5. శవం దగ్గర కనిపించినంత మాత్రాన హంతకుడు అనకండి. పొద్దున్నే చూస్తే పగడం సగం ఊడిపోయి, దాని మీద నాలుగు పురుగులు. ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన ఒకటే. కానీ చాలాసార్లు పగడం చావడం ముందు మొదలవుతుంది, పురుగులు వాసన పట్టి తర్వాత వస్తాయి. క్లామ్ విషయంలోనూ అంతే. బలహీనపడి గుల్ల మూయలేని స్థితికి వచ్చాకే అవి లోపలికి దూరతాయి. కాబట్టి ముందు టెస్ట్ కిట్ బయటికి తీయండి. ఉప్పు సాంద్రత 1.025 – 1.026, ఉష్ణోగ్రత 25 – 26 డిగ్రీలు, ఆల్కలినిటీ 8 – 9 డీకేహెచ్, కాల్షియం 420 పీపీఎం దగ్గర, మెగ్నీషియం 1,300 పైన, అమ్మోనియా సున్నా. గట్టి పగడాలకు ఆల్కలినిటీ ఒక్క రోజులో బాగా పెరిగినా తగ్గినా పెద్ద దెబ్బే. కొత్త లైటు పెట్టారా? పక్క పగడం రాత్రిపూట తీగలు చాచి కుడుతోందా? ఇవన్నీ చూశాక, అన్నీ సరిగ్గా ఉంటేనే పురుగు వైపు వేలు చూపండి. పురుగును తీసేసి అసలు కారణాన్ని వదిలేస్తే వారంలో రెండో పగడం పోతుంది.

6. మేత తగ్గించండి. ఈ వ్యాసంలో ఒక్క చిట్కానే పాటించే తీరిక మీకు ఉంటే, అది ఇదే కావాలి. బ్రిసిల్ వార్ముల సంఖ్యను నిర్ణయించేది మందు కాదు, మీ చేతి గుప్పిట. తిండి ఎంత మిగిలితే అంత పెరుగుతాయి, మిగలకపోతే తగ్గుతాయి. వందలు వందలుగా కనిపిస్తున్నాయంటే ట్యాంకులో రోజూ కొంత మేత కుళ్లుతోందని అర్థం. ఆ మేతను పురుగులు తినకపోతే అది నీటిలోనే కరిగి నైట్రేటు, ఫాస్ఫేటు అవుతుంది. నాచు ముసురుకుంటుంది. కాబట్టి పురుగులను తీసేసి మేత మాత్రం అలాగే వేస్తూ పోతే ఒక బాధ పోయి ఇంకో బాధ వస్తుంది.

మన ఇళ్లలో పెట్టడం అనేది ప్రేమకు గుర్తు. అమ్మమ్మ వచ్చి వేస్తుంది, పిల్లలు బడి నుంచి వచ్చి వేస్తారు, ఇంటికొచ్చిన చుట్టాలు ముచ్చటపడి ఇంకో చిటికెడు వేస్తారు. చేపలు ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే అద్దం దగ్గరికి వస్తాయి కదా. మేత డబ్బాను ఒక్కరి చేతిలో ఉంచండి. పిల్లలకు వేయాలని ఉంటే ఆ రోజు వేయాల్సిన మేతను ముందే చిన్న గిన్నెలో తీసి వాళ్ల చేతికివ్వండి. రెండు మూడు నిమిషాల్లో చేపలు మొత్తం తినేసేంతే వేయాలి. నేలకు జారిందంటే ఎక్కువైనట్టే. ఆటోమేటిక్ ఫీడర్ వాడేవాళ్లు వారానికొకసారి అది ఎంత మేత వదులుతోందో చేతిలో పట్టి చూసుకోవాలి, తేమకు గడ్డకట్టి ఒక్కసారే ముద్దగా పడుతుంది. మేత సరిచేసిన వెంటనే ఫలితం కనిపించదు. పురుగులు తగ్గడానికి వారాలు, నెలలు కూడా పట్టొచ్చు. ఓపిక పట్టండి.

7. గడ్డకట్టించిన మేతను కడిగి వేయండి. మైసిస్, బ్రైన్ ష్రింప్ ముక్కలను చిన్న గిన్నెలో ఆర్‌ఓ నీళ్లు పోసి కరిగించి, టీ వడకట్టే జల్లెడలో వంచి, మిగిలిన దాన్ని వేయాలి. ఆ కరిగిన నీళ్లలో చేపలు తినలేని మెత్తని పిండి ఉంటుంది. అదంతా రాళ్ల సందుల్లోకే పోతుంది. ఈ పనికి వాడే జల్లెడను వంటింట్లోకి తిరిగి తీసుకెళ్లకండి.

8. చెత్త ఆగే మూలలను వెతికి కదిలించండి. ప్రతి ట్యాంకులో నీళ్లు సరిగ్గా కదలని చోటు ఒకటి ఉంటుంది. రాళ్ల వెనక, మూలలో, పంపు చాటున గోధుమ రంగు పిండి పేరుకుంటుంది. పురుగుల కాలనీ అక్కడే. వారానికొకసారి పెద్ద ప్లాస్టిక్ సిరంజితోనో, వంటింట్లో వాడే బేస్టర్‌తోనో రాళ్ల మీద, సందుల్లో నీళ్లు చిమ్మండి. పైకి లేచిన చెత్తను ఫిల్టర్ సాక్ పట్టేస్తుంది. ఆ సాక్‌ను మూడు నాలుగు రోజులకొకసారి మార్చండి. నీళ్లు మార్చేటప్పుడు ఇసుక పై పొరను కొద్దికొద్దిగా, ఒక్కోసారి ఒక్కో భాగం సైఫన్ చేయండి. మొత్తం ఇసుకను ఒకేసారి కెలికితే అడుగున ఉన్న మురికి అంతా నీళ్లలో కలుస్తుంది. రాళ్లను గోడలా పేర్చినవాళ్లు ఈసారి పేర్చేటప్పుడు మధ్యలో నీళ్లు దూరేలా ఖాళీలు వదలండి. సంప్ అడుగున చూశారా? ట్యాంకులో కంటే ఎక్కువ పురుగులు సాధారణంగా అక్కడే ఉంటాయి. అక్కడ ఉంటే నష్టం లేదు, కానీ చెత్త మాత్రం తీయాలి.

9. రోజూ తలలు లెక్కపెట్టండి. మేత వేసేటప్పుడు ఒక చేప రాలేదంటే వెంటనే వెతకండి. చచ్చిన చేపను రాత్రికి రాత్రే పురుగులు మాయం చేస్తాయి. పెద్ద చేప అయితే, దాన్ని వాటికే వదిలేస్తే మిగిలిందంతా కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది.

10. మరీ ఎక్కువైతే ఉచ్చు పెట్టండి. మేత తగ్గించారు, శుభ్రం చేశారు, అయినా చూడలేనన్ని ఉన్నాయి. అప్పుడు ఇంట్లోనే ఉచ్చు చేసుకోవచ్చు. మూత ఉన్న చిన్న కొత్త ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, కాల్చిన మేకుతో పక్కల నాలుగైదు చిల్లులు పెట్టండి. చిల్లు పెన్సిలు దూరేంత ఉంటే చాలు. అంచులు గరుకుగా లేకుండా ఉప్పుకాగితంతో రుద్దండి. లోపల బరువుకు ఒక రాయి, దాంతోపాటు చిన్న పచ్చి రొయ్య ముక్క పెట్టండి. ఉప్పు, పసుపు తగిలిన రొయ్య వద్దు, బజారు నుంచి తెచ్చి కడిగినదే కావాలి. లైట్లు ఆరాక రాళ్ల మొదట్లో ఉంచి, గంట రెండు గంటల తర్వాత ఎర్ర లైటుతో చూడండి. ఎర్ర వెలుతురుకు ఇవి అంతగా బెదరవు. డబ్బా మొత్తం ఎత్తి, ట్యాంకు నీళ్లున్న బకెట్‌లో పెట్టి మూత తీయండి. నత్తలు, హెర్మిట్ పీతలు కూడా వచ్చి ఉంటే వాటిని వెనక్కి వదలండి. తెల్లారేదాకా ఉచ్చు వదిలేయకండి, తినేసిన పురుగులు మళ్లీ బయటికి పోతాయి, మిగిలిన రొయ్య కుళ్లుతుంది.

డబ్బా చేసే ఓపిక లేకపోతే పాత నైలాన్ సాక్సు ముక్కలో రొయ్యను మూటగట్టి వదలండి. పురుగుల నూగు ఆ వలలో చిక్కుకుంటుంది. మూటతో సహా ఎత్తేయొచ్చు. ఏది చేసినా అన్నింటినీ పట్టేయాలని చూడొద్దు. వేలెడు దాటిన పెద్దవాటిని తీయండి, చిన్నవాటిని పనిలో ఉండనివ్వండి.

11. తెంపకండి, నలపకండి. కొన్ని జాతులు, ముఖ్యంగా యూరిథోయి, ముక్కల నుంచి కూడా మళ్లీ పూర్తి పురుగులవుతాయి. సగం రాతిలో ఉన్నదాన్ని పట్టుకుని లాగితే తెగి, లోపలున్న సగం బతుకుతుంది. పొడవాటి ప్లాస్టిక్ ఫోర్సెప్స్‌తో మధ్యలో పట్టి, కొద్దిగా బిగువుగా ఉంచి ఎదురుచూస్తే అదే పట్టు వదులుతుంది. తెగేలా ఉంటే వదిలేయండి. ఇంకో రాత్రి చూడొచ్చు.

12. ఒట్టి చేయి ట్యాంకులో పెట్టకండి. ఆ తెల్లటి నూగు గాజుముక్కలంత పెళుసైనది. తగిలితే చర్మంలో దిగి విరిగిపోతుంది. యూరిథోయి పురుగులో వాపు పుట్టించే కాంప్లనైన్ అనే పదార్థం ఉందని జపాన్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. మంట, దురద, ఎరుపు, వాపు కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల దాకా ఉంటాయి. ఫైర్‌వార్మ్ అయితే మంట మరీ ఎక్కువ. రాళ్లు కదిలించేటప్పుడు అంట్లు తోమే మందపాటి రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, అవి ట్యాంకు కోసమే ప్రత్యేకంగా పెట్టుకోండి. పల్చటి గ్లవ్స్‌లోంచి నూగు దూరుతుంది.

తగిలిందా, రుద్దొద్దు, గోకొద్దు. రుద్దితే ముళ్లు ఇంకా లోపలికి దిగుతాయి. సెల్లోటేపును ఆ చోట మెల్లగా అంటించి పైకి లాగండి, రెండు మూడుసార్లు కొత్త టేపుతో అలాగే చేయండి. తర్వాత వెనిగర్‌తోగానీ సర్జికల్ స్పిరిట్‌తోగానీ తుడవండి. దురద ఉంటే మందుల షాపులో దొరికే హైడ్రోకార్టిసోన్ క్రీము రాసుకోవచ్చు. ఊపిరి అందకపోయినా, ముఖం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లండి. పిల్లల చేతులు ట్యాంకులోకి వెళ్లకుండా మూతకు గడి పెట్టండి.

13. ట్యాంకులో పురుగుల మందు పోయకండి. పశువులకు వాడే ఫెన్‌బెండజోల్, లెవమిసోల్ లాంటివి పనిచేస్తాయని కొందరు సలహా ఇస్తారు. పనిచేస్తాయి, అదే ప్రమాదం. ఒకే రాత్రి రాళ్ల లోపల వందల పురుగులు చస్తే, వాటిని బయటికి తీసేవాళ్లు ఎవరు? అవి అక్కడే కుళ్లి అమ్మోనియా పెరిగి, పొద్దునకు చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తాయి. ఫెన్‌బెండజోల్ రాళ్లలో ఇంకిపోయి చాలాకాలం ఉంటుంది, నత్తలకు, కొన్ని మెత్తని పగడాలకు హాని చేస్తుంది. ఫెదర్ డస్టర్ల వంటి మంచి పురుగులూ పోతాయి. రాగి ఉన్న చేపల మందులైతే ఇంకా ఘోరం, పగడాలు, రొయ్యలు, నత్తలు ఏవీ మిగలవు. ఎంత నమ్మకస్తుడు చెప్పినా, ఎంత పెద్ద దుకాణం అమ్మినా, పురుగుల కోసం రీఫ్ ట్యాంకులో మందు వేయకండి.

14. రాళ్లను ఎన్నడూ ఉడకబెట్టకండి. వేడినీళ్లలో వేస్తే పురుగులు చస్తాయన్నది నిజమే. కానీ ఆ రాతి మీద జోయాంథిడ్లు, పాలిథోవా ఉంటే పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఆవిరితో గాలిలో కలిసే ప్రమాదం ఉంది. అమెరికాలోని అలాస్కాలో 2012 – 2014 మధ్య ఇలాంటి పగడాలను కదిలించి, శుభ్రం చేసే సందర్భాల్లో ఇళ్లలో, దుకాణాల్లో మనుషులు అస్వస్థులయ్యారు. దగ్గు, ఊపిరాడకపోవడం, జ్వరం, నోట్లో లోహపు రుచి దీని లక్షణాలు. ఇంట్లో వాళ్లందరూ పీల్చే గాలి అది. మైక్రోవేవ్‌లో పెట్టడం, ప్రెషర్ వాషర్‌తో కొట్టడం కూడా అంతే తప్పు. జోయాంథిడ్లను బ్రష్‌తో గీకాల్సి వస్తే నీళ్లలో ఉంచి, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి.

15. మంచినీళ్ల స్నానం ఒక్క రాయికే. యూనిసిడ్ లాంటి దొంగ ఏ రాతిలో ఉందో ఖాయంగా తెలిస్తే, ఆ రాయిని తీసి, మీద పగడాలు లేకుండా చూసుకుని, ఆర్‌ఓ నీళ్లలో ముంచండి. పురుగు బయటికి వస్తుంది, లేదా లోపలే చస్తుంది. ఆ రాయిలో ఉన్న మేలు చేసే జీవులూ పోతాయి కాబట్టి దాన్ని వెంటనే ట్యాంకులో పెట్టకూడదు. వేరే బకెట్‌లో ఉప్పునీళ్లు, పంపు పెట్టి, అమ్మోనియా సున్నాకు వచ్చేదాకా ఉంచాలి. కుళాయి నీళ్లు మాత్రం వద్దు, వాటిలో క్లోరిన్ ఉంటుంది.

16. పురుగును తినే చేపను తెచ్చే ముందు ఆ చేప గుణం తెలుసుకోండి. సిక్స్‌లైన్ వ్రాస్, మెలనూరస్ వ్రాస్, ఎల్లో కోరిస్, ఆర్కిడ్ డాటీబ్యాక్, కోరల్ బ్యాండెడ్ ష్రింప్, యారో క్రాబ్ చిన్న పురుగులను తింటాయి. పెద్దవాటి జోలికి పోవు. సిక్స్‌లైన్ కొన్నాళ్లకు ట్యాంకు తనదే అనుకుని తర్వాత వచ్చిన చేపలను తరిమి కొడుతుంది. యారో క్రాబ్ పెద్దయ్యాక చిన్న చేపల మీద, ఫెదర్ డస్టర్ల మీద పడుతుంది. కోరల్ బ్యాండెడ్ ష్రింప్ ఇతర రొయ్యలను ఉండనివ్వదు. నా అభిప్రాయం అడిగితే మెలనూరస్ వ్రాస్ నయం. దానికి రాత్రి దూరి పడుకోవడానికి ఇసుక, పైకి ఎగిరిపోకుండా ట్యాంకుకు జాలీ మూత ఉండాలి. మీకు ఆ చేప ఇష్టమై పెంచుకోవాలనుకుంటేనే తెచ్చుకోండి. పురుగుల కోసమే ఒక ప్రాణిని ఇంటికి తేవడం సరైన పని కాదు.

17. కొత్త పగడం నేరుగా ట్యాంకులోకి వద్దు. తెచ్చిన ముక్కను కోరల్ డిప్‌లో, సీసా మీద రాసిన మోతాదు ప్రకారం, రాసినంతసేపే ముంచండి. అందులో సిరంజితో నీళ్లు చిమ్మితే దాక్కున్నవి రాలతాయి. దాన్ని వేరే ఉప్పునీళ్లలో కడిగి, డిప్ నీళ్లు బయట పారబోయండి. వీలైతే ముక్క అతికించి ఉన్న పాత ప్లగ్‌ను విరిచేసి కొత్త ప్లగ్‌కు అతికించండి. పురుగులు, గుడ్లు ఎక్కువగా ఆ ప్లగ్ కిందే ఉంటాయి. డిప్ గుడ్లను చంపదు కాబట్టి, చోటు ఉన్నవాళ్లు చిన్న క్వారంటైన్ ట్యాంకులో నెల, నెలన్నర ఉంచి రాత్రిళ్లు గమనించండి. కొత్తగా ట్యాంకు మొదలుపెట్టేవాళ్లు ఎండు రాయి వాడితే దొంగ పురుగులు రావు. కానీ ఎండు రాయి ట్యాంకు కుదురుకోవడానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది, మొదట్లో నాచు బాధ ఎక్కువ. తర్వాత నమ్మకమైన ట్యాంకు నుంచి గుప్పెడు ఇసుకతో పాటు నాలుగు మామూలు బ్రిసిల్ వార్ములు వచ్చినా వద్దనకండి.

18. పగలే గుంపుగా పైకెక్కితే కరెంటు చూసుకోండి. రాత్రి తిరగాల్సిన పురుగులు మిట్టమధ్యాహ్నం రాళ్ల కొసలకు చేరాయంటే అది హెచ్చరిక. నీటిలో ఆక్సిజన్ తగ్గి ఉండొచ్చు, అమ్మోనియా పెరిగి ఉండొచ్చు. వేసవిలో మన ఊళ్లలో కరెంటు పోతే పంపులు, చిల్లర్, స్కిమ్మర్ అన్నీ ఆగిపోతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ట్యాంకు పక్కనే ఎప్పుడూ ఉంచుకోండి. ఇన్వర్టర్ ఉంటే టీవీకంటే ముందు ఒక ప్రవాహపు పంపును దానికి కలపండి.

19. సముద్రంలోంచి రాయి తెచ్చుకోకండి. మన దేశంలో రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ అయినా, అండమాన్, లక్షద్వీప్ అయినా, పగడం పెరిగిన రాయిని కొట్టి తేవడం, అమ్మడం, కొనడం నేరం. ఎవరైనా తక్కువ ధరకు ఇస్తామంటే ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు అడగండి. చూపించలేకపోతే వద్దనండి. అలా తెచ్చిన రాళ్లలోనే పెద్ద యూనిసిడ్లు కూడా వస్తాయి.

20. తీసిన పురుగులను, నీళ్లను సముద్రంలోగానీ కాలువలోగానీ పోయకండి. ఇంటి ట్యాంకులో ఉన్నది ఎక్కడి సముద్రపు ప్రాణో మనకు తెలియదు. అక్వేరియాల్లో పెంచే కాలెర్పా టాక్సిఫోలియా అనే నాచు 1984లో మొనాకో తీరంలో కనిపించి, తర్వాత మధ్యధరా సముద్రపు అడుగున విస్తారంగా పరుచుకుంది. అదే నాచు 2000లో కాలిఫోర్నియాలోని ఒక ఉప్పునీటి మడుగులో బయటపడితే, దాన్ని నిర్మూలించామని ప్రకటించడానికి 2006 దాకా పట్టింది, లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. పట్టిన పురుగులను మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఒకరోజు ఫ్రీజర్‌లో ఉంచి, కాగితంలో చుట్టి చెత్తలో వేయండి. ట్యాంకు నీళ్లను ఇంటి డ్రైనేజీలో పోయండి. విశాఖలో, కాకినాడలో, చెన్నైలో సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకు ఇది మరీ మరీ చెబుతున్నాను. ట్యాంకు తీసేయాలనుకుంటే చేపలను, పగడాలను, రాళ్లను దుకాణానికో, మరో పెంపకందారుకో ఇవ్వండి, బీచికి మాత్రం తీసుకెళ్లకండి.